అత్యల్ప నష్టం

"అమ్మాయ్, ఆ మెయిల్ ఎవరు పంపారో నువ్వు కనుక్కోగలవా?"

బీన్స్‌కి ఈనెలు తీస్తూ, తలెత్తకుండా అడిగింది అత్తయ్య. నేను స్టవ్ దగ్గర నిలబడి పాలు చూస్తున్నాను. సాయంత్రం ఆ కాసేపే వంటింట్లో మేమిద్దరం ఒంటరిగా ఉంటాం. మామయ్యగారు ముందు గదిలో టీవీలో వార్తలు చదివేవాళ్ళతో వాదించుకుంటూ ఉంటారు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి స్నానానికి వెళ్తాడు. ఈ ఇంట్లో గట్టిగా అనలేని మాటలన్నీ ఈ వేళప్పుడే, కూరగాయల ముందు బయటికొస్తాయి. పెళ్ళయిన కొత్తలో "మీ అమ్మ నీకు ఉప్పు ఎంత వెయ్యాలో కూడా నేర్పలేదా" అని ఆవిడ నన్ను అడిగిందీ ఇక్కడే. నాకు కడుపు పోయినప్పుడు, ఎవరూ చూడకుండా నా తల మీద చెయ్యి వేసి తీసేసిందీ ఇక్కడే.

"నువ్వు చదివేది వాటి గురించేగా," అంది మళ్ళీ.

"కనుక్కుంటే ఏం చేస్తారత్తయ్యా?"

"ఏం చేస్తాను, పోలీసులని వెంటేసుకుని వెళ్తానా? వాళ్ళనొక మాట అడగాలి."

"ఏ మాట?"

"అది తర్వాత చెప్తాలే. ముందా పాలు చూడు."

చూస్తూనే ఉన్నాను. అయినా పొంగిపోయాయి.

సంగతి బయటపడింది పోయిన ఆదివారం. బ్యాంకు ఖాతా అత్తయ్యది, దానికి ఇచ్చిన ఫోన్ నెంబరు మామయ్యగారిది. ఇందులో ఏదో తేడా ఉందని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు, నాతో సహా. ఆయన తన ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లన్నీ ఆదివారం పూట కళ్ళజోడు తుడుచుకుని ఒకేసారి చదువుతారు. అలా చదువుతూ, అత్తయ్య ఖాతా ఖాళీ అయిందని చూశారు. చుట్టుపక్కల వాళ్ళ బట్టలకి అంచులు కుట్టి, జిప్పులు మార్చి, ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నదంతా 'సెక్యూరిటీ డిపాజిట్' అనే పేరుతో ఎవరికో వెళ్ళిపోయింది. ఇంట్లో కూర్చుని టైపు చేసే ఉద్యోగం కోసం తనే బ్యాంకుకి వెళ్ళి కట్టిందట.

మా ఆయన ఆవిడ ఫోన్ తీసుకుని ఆ మెయిల్ వెతికి పట్టుకున్నాడు. హాలు మధ్యలో నిలబడి, నాటకంలో పాత్రధారిలా గొంతు మార్చి పైకి చదివాడు. "గృహిణులకు నమస్కారం. మీ సమయానికి విలువ ఉంది." మామయ్యగారు ఫక్కున నవ్వారు. మా ఆయనకు ఉత్సాహం వచ్చి రెండో వాక్యం కూడా చదివాడు. నా చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. మూడో వాక్యం ఆయన నోటి నుంచి రాకముందే నాకు తెలుసు. 'మీరు ఒకప్పుడు నేర్చుకున్నది వృథా కాలేదు.' అక్షరం పొల్లుపోకుండా అదే చదివాడు.

"అసలు నీకెవరైనా ఉద్యోగం ఎందుకిస్తారనుకున్నావమ్మా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. తిట్టినా బాగుండేది.

"నలభై ఏళ్ళు తిండికీ బట్టకీ లోటు లేకుండా చూశాను," అన్నారు మామయ్యగారు. "ఏం తక్కువ చేశానని ఈ వయసులో ఉద్యోగం కావాల్సొచ్చింది నీకు?"

"టైపు హయ్యరు పాసయ్యాను కదా," అంది అత్తయ్య.

తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడకు పెళ్ళి కాకముందు, టైపు మిషన్ల కాలంలో, ఎప్పుడో పాసైన పరీక్ష అది. పెళ్ళయ్యాక ఆ సర్టిఫికెట్ చూసి ఒక ఆఫీసు వాళ్ళు ఉద్యోగం ఇస్తామంటే, అత్తవారు "మా ఇంటి కోడలికి ఆ ఖర్మేమిటి" అన్నారట. ఈ సంగతి నాకు ఒకసారి నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వుతూనే విన్నాను.

ఆ రోజు నుంచి ఆవిడ ఫోన్ మా ఆయన బీరువాలో ఉంది. "నీ మంచికేనమ్మా. ఎవరికైనా చేయాలంటే నన్నడుగు, కలిపిస్తా." తర్వాత నా వంతు వచ్చింది. "ఇంట్లో ఇంత చదువు చదివిన మనిషి ఉండి ఏం లాభం? పక్క గదిలో మనిషినే కాపాడలేకపోయావ్, అక్కడ కూర్చుని లోకాన్ని ఉద్ధరిస్తారట! ఇంకొక్క గొడవ నా చెవిన పడితే ఆ ల్యాబూ వద్దు, ఏమీ వద్దు. మర్యాదగా మానేసి ఇల్లు చూసుకో." ఆయన ఉత్తినే అనే మనిషి కాదు. ముందు చేసిన ఉద్యోగం అలాగే మాన్పించాడు. నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. కాఫీ చల్లారిపోయిందని మామయ్యగారు గుర్తుచేశారు.

ఇప్పుడు మా ల్యాబు గురించి చెప్పాలి.

వైరస్ పట్టిన కంప్యూటర్లు ఊళ్ళ నిండా ఉంటాయి. బయటికి బాగానే కనిపిస్తాయి. వాటి సొంతదారులు వాటి మీదే సినిమాలు చూస్తారు, బిల్లులు కడతారు. కానీ లోపల ఆ కంప్యూటర్ ఇంకెవరి మాటో వింటుంది. ఎక్కడో కూర్చున్న ఒక ముఠా, ఇలాంటి కంప్యూటర్లను లక్షల్లో పోగేసి, వాటితో దొంగ మెయిళ్ళు పంపిస్తుంది, బ్యాంకుల నుంచి డబ్బు కొట్టేస్తుంది. ఆ కంప్యూటర్ల గుంపుని బాట్‌నెట్ అంటారు. మేం మంద అంటాం. ఆ మంద ఎలా పనిచేస్తుందో బయట నుంచి చూస్తే తెలియదు, లోపలికి దూరాలి. అందుకని మేమే ఒక కంప్యూటర్‌కి ఆ వైరస్ ఎక్కించి, మందలో కలిపి, అది ఎవరితో ఏం మాట్లాడుతోందో వింటూ ఉంటాం. దానికి ల్యాబులో పెట్టిన ముద్దుపేరు 'అల్లుడుగారు'. దానికి ప్రత్యేకంగా చల్లటి గది, ఎప్పుడూ పోని కరెంటు. దానికి కోపం రాకూడదు. అలిగితే మళ్ళీ తిరిగిరాదు. ఆ గది తాళం నా దగ్గరుంటుంది. నమ్మకం కొద్దీ అని అనుకునేదాన్ని. లోపల దుమ్ము దులిపేది, ఏసీ ఫిల్టరు కడిగేది నేను కాబట్టి అని తర్వాత అర్థమైంది.

అల్లుడుగారితో అసలు చిక్కు ఏమిటంటే, ఆయన మందలో ఉండాలంటే ముఠా చెప్పిన పని చేయాలి. మెయిళ్ళు పంపమంటే పంపాలి. ఒక్కటీ పంపకపోతే ముఠాకి అనుమానం వచ్చి వెలేస్తుంది. అన్నీ పంపితే మేమే దొంగలం అవుతాం. ఇలాంటి పరిశోధన చేసే ప్రతి చోటా ఇదే తలనొప్పి. దొంగల మధ్య కూర్చుని చూడాలంటే ఎంత దొంగతనం చేయొచ్చు? మేం వందకి ఒకటి వదులుదామని నిర్ణయించుకున్నాం. మిగిలినవి మేం కట్టిన అడ్డుగోడ దాటకుండా ఆపేస్తాం. ఆ ఒక్కటి కూడా, ఎక్కువ చెరుపు చేయనిదై ఉండాలి.

ఏది తక్కువ చెరుపు చేస్తుందో తేల్చడానికి మీటింగ్ పెట్టారు. మా ప్రొఫెసర్ని పిల్లలు చాటుగా ఫుల్‌స్టాప్ అంటారు. ఎంత పెద్ద వాదననైనా "అంతే" అని ముగించేస్తాడు. ఆయన, మా సీనియర్, ఇంకో ఇద్దరు మగవాళ్ళు, నేను. మీటింగుల్లో జరిగిందంతా రాసే పని నాది. "నువ్వయితే పొందిగ్గా రాస్తావమ్మా." పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకి వెళ్ళాల్సిన కాగితాలు కూడా నావే. "ఇలాంటి సున్నితమైనవి ఆడవాళ్ళకే బాగా అర్థమవుతాయి." పేపరు మీద నా పేరు మాత్రం చివరన వస్తుంది.

"మందుల మెయిళ్ళు వద్దు సార్," అన్నాడు సీనియర్. "ఎవరైనా కొని మింగితే ప్రాణాల మీదికొస్తుంది. బ్యాంకు పేరుతో వచ్చేవి అసలే వద్దు. లోన్లవీ వద్దు, కుటుంబాలు కూలిపోతాయి." మంచివాడు, నిజంగానే ఆలోచించి చెబుతున్నాడు. తర్వాత ఇంకోటి తీసి చదివాడు. గృహిణులకు నమస్కారం. అందరూ నవ్వారు.

"ఇదెవరు నమ్ముతారండీ? ఇంట్లో పనీపాటా లేకుండా కూర్చునే ఆడవాళ్ళు తప్ప!"

"నమ్మినా పోయేదేముంది? వాళ్ళ దగ్గర డబ్బెక్కడుంటుంది? మొగుణ్ణి అడగాలి. అడిగితే ఆయన తిట్టి కూర్చోబెడతాడు. గోలే లేదు."

"అంతే," అన్నాడు ఫుల్‌స్టాప్.

ఆ రోజు పొద్దున నేను రెండు పూటలకీ వంట చేసి, మామయ్యగారి షుగర్ మాత్రలు డబ్బాలో సర్ది, మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి, బస్సులో నిలబడి వచ్చాను. 'పనీపాటా లేకుండా' అన్న మాట చెవిలో పడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచాను కూడా. కానీ నా ఫెలోషిప్‌ని ఇంకో ఏడాది పొడిగించే కాగితం ఫుల్‌స్టాప్ బల్ల మీద సంతకం కోసం పడి ఉంది. తెరిచిన నోటితో "మందులవి ఎన్ని రకాలు సార్?" అని ఏదో అడిగి, పట్టికలో రాసేశాను. ఇంటి దగ్గర ఉద్యోగం మెయిళ్ళు: నష్టం, అత్యల్పం.

కమిటీలో అయితే మాకు చుక్క చెమట పట్టలేదు. దాని పెద్ద ఒక జంతువుల డాక్టరు. ఏళ్ళ తరబడి ఎలుకల మీద ప్రయోగాలకి అనుమతులిచ్చి అలవాటైన మనిషి.

"ఎలుకలా, కుందేళ్ళా?" అన్నాడు.

"కంప్యూటర్లు సార్."

"మనుషులెవరూ లేరుగా?"

నేను ఒక్క క్షణం ఆగాను. పక్కనుంచి ఫుల్‌స్టాప్ "లేరండీ" అన్నాడు.

"మరి నా దగ్గరికెందుకొచ్చారయ్యా!" అని సంతకం పెట్టి, మాకు టీ ఇప్పించాడు.

అందులో మేం రాసిచ్చిన షరతు ఒకటే. ఆ మెయిళ్ళు ఎవరికి వెళ్తున్నాయో మేం చూడం. అడ్రసులు దాచం. ప్రతి అడ్రసునూ ఒక లెక్కలో వేసి, గింజని మర ఆడించినట్టు పిండి చేసి, ఆ పిండిని మాత్రమే దాస్తాం. పిండిని చూసి అది ఏ గింజో ఎవరూ చెప్పలేరు. కానీ గింజ ఒకటి చేతిలో ఉంటే, దాన్నీ అదే మరలో ఆడించి, అలాంటి పిండి మా దగ్గరుందో లేదో చూడొచ్చు.

అత్తయ్య మెయిల్ అడ్రసు నాకు తెలియకపోవడమేమిటి? తయారు చేసి ఇచ్చిందే నేను. చుట్టాల పెళ్ళి ఫోటోలు చూసుకుంటుందని.

ఆవిడ అడిగిన రాత్రి నేను అన్నం సరిగా తినలేదు. తినలేదని ఎవరూ గమనించలేదు, కూరలో ఉప్పు ఎక్కువైందని గమనించారు. నా మనసుకి నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ ఉత్తరాన్ని పంపే కంప్యూటర్లు లక్షలున్నాయి, మా అల్లుడుగారు వాటిలో నలుసంత. అందులోనూ వందకి ఒకటి. మాది కాదు. ఎందుకవుతుంది? అంత పాడు జాతకం ఎవరికుంటుంది? ఇంకో మాట కూడా గుర్తొచ్చింది. కొన్ని నెలలుగా సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి, అలమార్లో పడేసిన నా పాత కీబోర్డు భోజనాల బల్ల మీద ఉండేది. మీద శుభ్రమైన తువ్వాలు కప్పి ఉండేది. దుమ్ము దులుపుతోంది కాబోలనుకుని మళ్ళీ అలమార్లో పెట్టేదాన్ని. ఆవిడ మళ్ళీ తీసేది. తీగ ఎక్కడా తగిలించకుండానే, ఎ, ఎస్, డి, ఎఫ్ అంటూ వేళ్ళకి పాత దారి గుర్తుచేసుకునేదన్నమాట. ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద, నేను చూడలేదు. లక్షల కంప్యూటర్లు ఏం గుసగుసలాడుకుంటున్నాయో వినే మనిషిని.

మర్నాడు భోజనాల వేళ అందరూ క్యాంటీన్‌కి వెళ్ళాక, కూర్చుని ఆ అడ్రసు కొట్టాను. కొడుతున్నప్పుడు రెండుసార్లు తప్పు పడింది. 'లేదు' అని వచ్చిన ప్రతిసారీ ప్రాణం లేచొచ్చేది, అంతలోనే అక్షరం తప్పు కనిపించేది. మూడోసారి నెమ్మదిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను.

'ఉంది.'

అంతే వచ్చింది. ఇంత పరిశోధన చేసి, ఇన్ని పట్టికలు గీసి, నేను అడిగిన మొదటి సొంత ప్రశ్నకి వచ్చిన జవాబు ఆ ఒక్క మాట. ఏడుపు రాలేదు. వంటింట్లో చేయి కాలినప్పుడు ముందు ఏమీ తెలియదు చూడండి, అలా ఉంది. అదే మెయిల్‌ని ఆవిడకి ఇంకే కంప్యూటరైనా కూడా పంపి ఉండొచ్చు, కాదనను. కానీ మాది మాత్రం పంపింది. నేను కాపలా ఉన్న గోడ దాటి, నేను 'అత్యల్పం' అని రాసిన వాక్యం పట్టుకుని, నేను చేసిచ్చిన అడ్రసు వెతుక్కుంటూ, నేను ఉండే ఇంటికే వెళ్ళింది.

ఫుల్‌స్టాప్ గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన చదువుతున్న కాగితం పక్కన పెట్టేశాడు. పాపం, నిజంగా బాధపడ్డాడనే అనుకుంటాను.

"ఎందుకు చూశావమ్మా?" అన్నాడు.

"సార్?"

"చూడం అని రాసిచ్చాం కదా. నువ్వు చేసింది నియమాలకి విరుద్ధం. ఇది బయటికొస్తే మన అనుమతి రద్దవుతుంది. పేపరు ఆఖరి మెట్టు మీద ఉంది. ముందు నీ థీసిస్సే పోతుంది, అది ఆలోచించావా?"

"మా అత్తగారు సార్."

"అర్థమైందమ్మా. చాలా విచారకరం. కానీ మనం పంపకపోతే ఆవిడకి రాకుండా పోయేదా? ఇంకో కంప్యూటర్ పంపేది. మన వల్ల లోకంలో ఒక్క మెయిల్ కూడా పెరగలేదు."

ఈ వాదన నాకు తెలుసు. పేపర్లో దాన్ని రాసింది నేనే. ఎంత పొందిగ్గా రాశానో.

"కనీసం ఆ రకం మెయిళ్ళు వదలడం ఇవాళ్టి నుంచి ఆపేద్దాం సార్. వాళ్ళ దగ్గర డబ్బుండదనుకున్నాం. ఉంటుంది. మొగుడికి తెలియకుండా దాచుకున్నది ఉంటుంది. అది పోతే వాళ్ళు ఎవరికీ చెప్పుకోలేరు. ఫిర్యాదు రాలేదు కాబట్టి నష్టం లేదనుకున్నాం."

"మంచి పాయింటు," అన్నాడు ఫుల్‌స్టాప్. "భవిష్యత్తులో చేయాల్సిన పరిశోధన అని చివర్లో ఒక వాక్యం చేర్చు. మధ్యలో పద్ధతి మారిస్తే లెక్కలన్నీ పాడవుతాయి. అంతే."

బయటికొచ్చి అల్లుడుగారి గది తాళం తీశాను. చల్లగా, ఆవగింజంత పచ్చ దీపం వెలుగుతూ, ఏ పాపం ఎరగనట్టు ఉన్నాడు. తీగ లాగేయొచ్చు. పట్టుకున్నాను కూడా. లాగితే ఏమవుతుంది? మందలో లక్షల్లో ఒకటి తగ్గుతుంది. ముఠాకి తెలియనైనా తెలియదు. సీనియర్ నాలుగేళ్ళ శ్రమ పోతుంది, నా ఏడాది పోతుంది, ఉత్తరం మాత్రం ఇంకెవరి గదిలోంచో ఇంకెవరి అత్తగారికో వెళ్తూనే ఉంటుంది. ఇంత చిన్న తీగని పట్టుకుని అంత చేతకానిదాన్ని అయిపోయానేమిటని నా మీద నాకే అసహ్యమేసింది. వదిలేసి, ఫిల్టరు మీద దుమ్ము కనబడితే తుడిచి, తాళం వేశాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆలోచిస్తే, ఇంట్లో నేను పాటించేదీ అల్లుడుగారి పద్ధతేనని తోచింది. లోపల ఉండాలంటే కొంత వదలాలి. "నీకేం తెలుసు" అంటే ఒకసారి ఊరుకుంటాను, ఒకసారి నవ్వుతాను. "మా ఆవిడ కంప్యూటర్లలో బూజు దులుపుతుంది" అని ఆయన స్నేహితుల ముందు అంటే, అందరితో పాటు నేనూ నవ్వుతాను. అన్నిటికీ ఎదురు తిరిగితే వెలేస్తారు, ఏ ఒక్కదానికీ తిరగకపోతే నేను మిగలను. కాబట్టి చూసి చూసి, తక్కువ చెరుపు చేసేవి వదిలేస్తూ వచ్చాను. సర్దుకుపోవడం అని దానికి పేరు. ఎంత వదలాలో నాకు బాగా తెలుసనుకున్నాను. కానీ నేను వదిలినవి ఎక్కడికి వెళ్తున్నాయో ఏనాడూ చూడలేదు. ఆదివారం నాడు హాల్లో ఆ తండ్రీ కొడుకులు నవ్వుతుంటే నేను పళ్ళెం పట్టుకుని నోరు మెదపలేదు. ఆ నవ్వు నన్ను దాటి నేరుగా ఆవిడకి తగిలింది.

చెప్పాలి. కానీ చెబితే ఆవిడ కొడుకుతో అంటుంది. ఎందుకనదు? అన్నాళ్ళు దాచుకున్న డబ్బు పోగొట్టుకుంది, నవ్వులపాలైంది, ఫోన్ పోగొట్టుకుంది. తప్పు నాది కాదు, నీ పెళ్ళాం గారి ల్యాబుదని ఒక్క మాట అంటే చాలు, ఈ ఇంట్లో ఆవిడ తల మళ్ళీ పైకి లేస్తుంది, నాది శాశ్వతంగా వంగుతుంది. ఆయన ఎదురుచూస్తున్న 'ఇంకొక్క గొడవ' ఇదే. రేపటి నుంచి బస్సు లేదు, కిటికీ సీటు లేదు, చివరన వచ్చే పేరు కూడా లేదు. చెప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఫుల్‌స్టాప్ చెప్పడు. పిండి చెప్పదు.

ఇంటికెళ్ళేసరికి అత్తయ్య బంగాళాదుంపలు ముందేసుకుని కూర్చుంది. టీవీలో ఎవరినో మామయ్యగారు "నోర్ముయ్యవయ్యా" అంటున్నారు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు. నేను బ్యాగు కూడా దించకుండా ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"కనుక్కున్నానత్తయ్యా."

ఆవిడ చేతిలో చాకు ఆగింది. మొహంలో ఒక వెలుగు. ఆ వెలుగు చూసి చెప్పడం ఇంకా కష్టమైంది. అయినా చెప్పాను. మంద గురించి, అల్లుడుగారి గురించి, వందకి ఒకటి గురించి, ఏది వదలాలో కూర్చుని తేల్చుకున్న రోజు గురించి. గొంతు తగ్గించి, తడబడుతూ, ఎక్కడా 'మేం' అనే మాట వెనక దాక్కోకుండా ఉండాలని చూశాను. ఎక్కడ దాక్కున్నానో నాకే తెలిసి మళ్ళీ సరిచేసుకున్నాను.

"నువ్వు పంపావా?" అంది.

"మా మిషన్ పంపింది. నేను ఆపొచ్చు. ఆపలేదు. మీలాంటి వాళ్ళ దగ్గర పోవడానికి ఏమీ ఉండదని అనుకున్నారు. నేనూ అదే రాశాను."

అత్తయ్య సగం చెక్కు తీసిన దుంపని అటూ ఇటూ తిప్పి చూసింది. తిడుతుందని కాసేపు, ఏడుస్తుందని కాసేపు ఎదురుచూశాను. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. స్నానాల గది గడియ తీస్తున్న శబ్దం వినిపించింది. ఆవిడ చటుక్కున ముందుకి వంగింది.

"మెల్లగా మాట్లాడు," అంది. "వాడి చెవిన పడనీకు. నీ చేత మాన్పించేస్తాడు."

ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ గుమ్మం ముందు నుంచి వెళ్ళాడు. "టీ అయిందా?" అన్నాడు. "పెడుతోంది," అంది అత్తయ్య. ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడ మళ్ళీ చాకు అందుకుంది, కానీ చెక్కు తీయలేదు.

"అయితే అది పంపించినవాళ్ళు... వాళ్ళసలు ఉద్యోగాలిచ్చేవాళ్ళే కాదా?"

"కాదత్తయ్యా. ఆ ఉద్యోగం ఎక్కడా లేదు. డబ్బు చేరగానే వాళ్ళ పని అయిపోతుంది."

"మరి నిన్న నేను వాళ్ళని ఒక మాట అడగాలన్నాను చూడు."

"ఏమడుగుదామని?"

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆ చేతులు పీట మీద, దుంప చెక్కుల పక్కన, ఏదో కనబడని దాని మీద పెట్టినట్టు వేళ్ళు కొంచెం వంచి ఆనించింది.

"ముందు నమూనాగా పంపమంటే పేజీలు టైపు చేసి పంపాను. ఆ కీబోర్డు మీద వేళ్ళు కుదిరాక, రోజూ మధ్యాహ్నం, మీరెవరూ లేనప్పుడు, నీ కంప్యూటర్ మీద. ఇంకా జవాబు రాలేదు. తండ్రీ కొడుకులు ఏమన్నా, డబ్బు సంగతి ఎలా ఉన్నా, పాసయ్యానో లేదో ఒక్క మాట అడుగుదామని." నా వైపు తిరిగింది. "అంటే వాటిని ఎవరూ చదవనే లేదా?"

లేదన్నట్టు తలాడించాను. ముందు గదిలోంచి టీ సంగతి ఇంకోసారి వినిపించింది. ఇద్దరం లేవలేదు.

"ఒక్క తప్పు లేదమ్మాయ్," అంది అత్తయ్య.